గరగరకు హద్దు

రేడియో వినే అలవాటున్న ఇంట్లో ఎవరూ చెప్పకుండానే తెలిసే సంగతి ఒకటుంది. కరెంటు పోగానే రేడియో బాగా పలుకుతుంది. అంతవరకూ గరగరల మధ్య ఒక మాట వినబడీ ఒక మాట వినబడకా సాగిన వార్తలు, బ్యాటరీల మీద నడిచే సెట్టులో ఒక్కసారిగా తేటపడతాయి. కరెంటు రాగానే మళ్ళీ మొదలు. వంటింట్లో మిక్సీ వేస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. స్టేషను జరిగిందా, సెట్టు పాడైందా అని ముల్లు అటూ ఇటూ తిప్పుతాం. పాపం, స్టేషనూ జరగలేదు, సెట్టూ పాడవలేదు. మన ఇంట్లోనూ పక్కింట్లోనూ ఉన్న విద్యుత్ పరికరాలు తమ పని తాము చేసుకుంటూనే, ఎవరూ అడగకుండా చిన్న చిన్న రేడియో స్టేషన్లుగా కూడా పనిచేస్తున్నాయి.

ఈ అయాచిత ప్రసారానికి ఒక హద్దు ఉండాలని లోకం ఒప్పుకుని తొంభై ఏళ్ళు దాటింది. ఆ హద్దును ఎవరు పెట్టారు, ఎలా కొలిచారు, ఎవరిని కాపాడటానికి పెట్టారు అన్నది ఇవాళ్టి ప్రసంగ విషయం. ఇందులో మూడో ప్రశ్న మనకు ముఖ్యం. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, నాందేడులోనో ఉండి తెలుగు మాట కోసం దూరపు స్టేషను పెట్టుకునే వాళ్ళం మనం. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద, విశాఖపట్నం 927 మీద, కడప 900 మీద, హైదరాబాదు 738 మీద ఏళ్ళ తరబడి పలికినప్పుడు ఆ మాట దగ్గరి ఊళ్ళలో గట్టిగానూ, మన ఊళ్ళలో సన్నగానూ చేరేది. సన్నని మాటను ముంచటానికి పెద్ద చప్పుడు అక్కర్లేదు కదా.

చరిత్ర తిరగేస్తే ఒక తమాషా కనిపిస్తుంది. అసలు రేడియో పుట్టిందే చప్పుడు నుంచి. 1888 ప్రాంతంలో జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించినది రెండు లోహపు గోళాల మధ్య ఎగిరిన నిప్పురవ్వతో. 1895లో రష్యాలో పొపోవ్ తయారుచేసిన పరికరం పట్టుకున్నది మనిషి పంపిన సందేశాన్ని కాదు, దూరాన మెరిసిన మెరుపును. తరువాత మార్కోనీ కాలపు ఓడలలో వాడిన ట్రాన్స్‌మిటర్లు కూడా నిప్పురవ్వలవే. నిప్పురవ్వకు ఒక పౌనఃపున్యం అని నిలకడ ఉండదు. తనకు కేటాయించిన చోటే కాక అటూ ఇటూ చాలా దూరం కమ్ముకుంటుంది. ఒక ఓడ మాట్లాడుతుంటే చుట్టుపక్కల మరెవరూ వినలేని పరిస్థితి. 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం ఈ రవ్వల ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మాన్పించాలని నిర్ణయించింది. అయితే ట్రాన్స్‌మిటర్ల నుంచి పోయిన రవ్వలు స్కూటరు ప్లగ్గులోనూ, మిక్సీ మోటారు బ్రష్షుల దగ్గరా, గోడ మీది స్విచ్చిలోనూ ఉండనే ఉన్నాయి. హెర్ట్జ్ చేసిన ప్రయోగాన్ని మన వంటిళ్ళు రోజూ చేస్తూనే ఉన్నాయన్నమాట.

ప్రసారాలు మొదలైన కొత్తల్లో శ్రోతల చెవులకు చిల్లులు పొడిచిన మొదటి నేరస్థుడు మాత్రం మోటారు కాదు, పక్కింటి రేడియోయే. బ్రిటన్‌లో బి.బి.సి. 1922 నవంబరులో ప్రసారాలు ప్రారంభించింది. ఆనాటి సెట్లలో వాల్వులు ఖరీదు. ఒక్క వాల్వుతోనే ఎక్కువ శబ్దం రావాలని, వాల్వు నుంచి బయటికి వచ్చిన సంకేతంలో కొంత తిరిగి లోపలికే మళ్ళించి బలపరిచేవారు. దానికో బిరడా ఉండేది. దూరపు స్టేషను కోసం ఆశపడి ఆ బిరడాను కాస్త ఎక్కువ తిప్పితే సెట్టు తనంతట తానే తరంగాలు పుట్టించటం మొదలుపెట్టేది. అవి ఏరియల్ తీగ ఎక్కి వీధి వీధంతా పాకేవి. ఇరుగుపొరుగు సెట్లలో అసలు స్టేషను మీద ఒక ఈల, ఒక ఊళ. ఎవరి సెట్టు అలా కూస్తున్నదో ఆ ఇంటాయనకే తెలియదు. ఆయన కూడా పక్కవాళ్ళనే తిట్టుకునేవాడు.

దీనికి బి.బి.సి. చీఫ్ ఇంజనీరు పీటర్ ఎకర్స్‌లీ స్వయంగా మైకు ముందుకు వచ్చి, బిరడా అంత దూరం తిప్పవద్దని శ్రోతలను బతిమాలుకున్నారు. బతిమాలటంతో ఆగకుండా, ఏరియల్ నుంచి తరంగాలు వెదజల్లని సెట్లకే అక్కడి తపాలా శాఖ ఆమోద ముద్ర వేసింది. వినే యంత్రం కూడా ఎంత మేరకు పలకవచ్చునో చూసి అమ్మకానికి అనుమతించటం అన్నది, నాకు తెలిసినంతలో, సామాన్య గృహస్థుడి ఇంట్లోకి ఈ నియంత్రణ ప్రవేశించిన తొలి ఘట్టాలలో ఒకటి. ఇదేమీ తీరిపోయిన పాత కథ అనుకోకండి. ఎఫ్.ఎం. సెట్టు లోపల, మనం పెట్టుకున్న స్టేషను కంటే 10.7 మెగాహెర్ట్జ్ పైన మరో తరంగం పుడుతూ ఉంటుంది. 100 మెగాహెర్ట్జ్ మీద పాట వింటుంటే లోపల 110.7. విమానాలకు దారి చూపే దీపస్తంభాల వంటి రేడియో కేంద్రాలు 108 నుంచి 118 మధ్యనే ఉంటాయి. అందుకే 1961లో అమెరికా విమానయాన శాఖ ప్రయాణికులు విమానంలో ఎఫ్.ఎం. రేడియో పెట్టకూడదని నిషేధించింది.

మళ్ళీ వెనక్కి వెళదాం. 1920లు ముగిసేసరికి యూరపు నగరాల్లో ట్రాములు, లిఫ్టులు, వైద్యుల విద్యుత్ చికిత్సా యంత్రాలు, దుమ్ము పీల్చే యంత్రాలు పెరిగాయి. రేడియోలూ పెరిగాయి. ఒక్కో దేశం ఒక్కో నియమం పెట్టబోతే తయారీదారుల గొడవ వేరు. జర్మనీ నియమానికి సరిపోయిన మోటారు ఫ్రాన్సు సరిహద్దు దగ్గర ఆగిపోతే వ్యాపారం సాగదు. అందుకని 1933లో పారిస్‌లో ఒక సమావేశం జరిపారు. విద్యుత్ పరిశ్రమ ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ ఒక వైపు, ప్రసార సంస్థల సంఘం మరో వైపు కూర్చున్నాయి. అంటే చప్పుడు చేసేవారు, చప్పుడు భరించేవారు ఒకే బల్ల దగ్గరికి వచ్చారు. దాని ఫలితంగా పుట్టిన ప్రత్యేక సంఘం 1934 జూన్‌లో అదే పారిస్‌లో మొదటిసారి సమావేశమైంది. దాని ఫ్రెంచి పేరులోని అక్షరాలను కలిపి ‘సిస్పర్’ అంటారు. ఇవాళ్టికీ ప్రపంచంలో చాలా దేశాల నియమాలకు మూలం ఆ సంఘం పెట్టిన అంకెలే.

అదే 1933లో మన దేశంలోనూ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా రేడియో పరికరం ఎవరూ దగ్గర పెట్టుకోరాదని దాని సారం. పారిస్‌లో కూర్చున్నవారి చింత రేడియోను ఎవరు పాడుచేస్తున్నారని. ఇక్కడి ప్రభువుల చింత రేడియో ఎవరి దగ్గర ఉందని. పరాయి పాలనలో ఇంతకంటే ఏం ఆశిస్తాం! మదరాసు ఆకాశవాణి కేంద్రం తెలుగు పలకటానికి ఇంకా అయిదేళ్ళు, విజయవాడ కేంద్రం రావటానికి పదిహేనేళ్ళు పట్టాయి.

సిస్పర్ ముందు మొదట్లోనే రెండు ప్రశ్నలు నిలిచాయి. ఎంత చప్పుడుకు ఓర్చుకోవాలి? ఆ చప్పుడును ఎలా కొలవాలి? రెండోది తేలితేగాని మొదటిది తేలదు. ఇక్కడే వారు చేసిన ఒక పని నాకు ముచ్చటగా తోస్తుంది. మామూలు మీటరు వోల్టేజిని కొలుస్తుంది. కాని శ్రోతకు బాధ కలిగించేది వోల్టేజి ఒక్కటే కాదు. గంటకోసారి ‘టక్’మంటే ఎవరూ పట్టించుకోరు. అదే టక్కు సెకనుకు వందసార్లు వస్తే సెట్టు కట్టేసి లేచిపోతారు. రెండిటిలోనూ రవ్వ బలం ఒకటే. అందుచేత కొలిచే యంత్రానికి కూడా చెవి లాంటి స్వభావం పెట్టారు. ప్రతి టక్కుకూ మీటరు చటుక్కున పైకి లేస్తుంది. దిగేటప్పుడు తాపీగా దిగుతుంది. మీడియం వేవ్‌కు వాడే కొలతలో లేవటానికి 1 మిల్లీసెకను, దిగటానికి 160 మిల్లీసెకనులు. టక్కులు అరుదుగా వస్తే దిగే వ్యవధి దొరికి ముల్లు కిందే ఉంటుంది. వెంటవెంటనే వస్తే దిగేలోపే మళ్ళీ లేచి, ముల్లు పైనే నిలుస్తుంది. దీన్ని క్వాసీ పీక్ కొలత అంటారు. పేరు మాటకేం గాని, అది శ్రోత విసుగును కొలిచే తక్కెడ. తొంభై ఏళ్ళ నాటి శ్రోత చెవి ఇవాళ్టి కంప్యూటరు పరీక్షల్లో కూడా కూర్చుని తీర్పు చెబుతూనే ఉంది.

ఇదే న్యాయం గృహోపకరణాల నియమాల్లో మరో చోట కూడా కనిపిస్తుంది. ఫ్రిజ్జు, ఇస్త్రీ పెట్టె లాంటివి వేడి చూసుకుని తమంతట తామే ఆగి, మళ్ళీ నడుస్తుంటాయి. అప్పుడు ఒక టక్కు వస్తుంది. అలాంటి టక్కులు నిమిషానికి 30 కంటే తక్కువైతే, ఎంత తక్కువైతే అంత సడలింపు ఇస్తారు. మిక్సీ మోటారుకు ఆ దయ లేదు. అది ఆగకుండా గొణుగుతుంది కనుక.

తరువాత మొదటి ప్రశ్న. ఎంత చప్పుడుకు ఓర్చుకోవాలి? ఈ అంకె ఆకాశంలోంచి ఊడిపడదు. ముందు మనం ఎంత బలమైన స్టేషనును కాపాడదలిచామో తేల్చుకోవాలి. రేడియో తరంగం బలాన్ని మీటరుకు ఇన్ని మైక్రోవోల్టులు అని చెబుతారు. ఎఫ్.ఎం. ప్రసారాలు బాగా వినబడాలంటే సంకేతం ఎంత ఉండాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు చేసింది. స్టీరియో కాని మామూలు ప్రసారానికి పల్లెల్లో సుమారు 250 మైక్రోవోల్టులు, పట్టణాల్లో 1000, మహానగరాల్లో 3000కు పైగా. పల్లెకూ నగరానికీ ఈ తేడా ఎందుకంటే, నగరంలో చప్పుడు ఎక్కువ కనుక. అంటే పల్లెకు తక్కువ సంకేతం చాలునన్న లెక్కలో, పల్లె ప్రశాంతంగా ఉంటుందన్న నమ్మకం ఉంది. మన పల్లెల్లో ఇంటింటా నాలుగు ఎల్.ఇ.డి. బల్బులు, రెండు సెల్‌ఫోను ఛార్జర్లు, డాబా మీద సోలారు పలకలు వచ్చాక ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో మీరే ఆలోచించండి.

పైగా స్టేషనుకు ఒక సేవా ప్రాంతం అని ఉంటుంది. ఆ గీత లోపల ఉన్న శ్రోతకు వినిపించే బాధ్యత స్టేషనుది. చప్పుడు మీద పెట్టిన హద్దు కూడా ప్రధానంగా ఆ గీత లోపలి శ్రోతను తలచుకుని పెట్టిందే. గీత అవతల ఉండి, రాత్రి పూట మీడియం వేవ్ పై పొరలను తాకి తిరిగి వచ్చే సమయం కోసం కాచుకుని, ఎక్కుతూ తగ్గుతూ వచ్చే తెలుగు మాటను వినే సోలాపురం శ్రోతో జయపురం శ్రోతో ఆ లెక్కల పుస్తకంలో లేడు. అతనికి వినిపిస్తే అది అదృష్టం, హక్కు కాదు. భాష ఉన్నంత మేరా సేవా ప్రాంతం ఉండదు. మన సమస్యకు వేరు ఇక్కడుంది.

ఇక ఎలక్ట్రానిక్ యుగానికి వద్దాం. 1938లో అమెరికాలో ప్రసారాల మీద అధికారం గల ఎఫ్.సి.సి. అనే ప్రభుత్వ సంఘం ఒక చిన్న నియమం చేసింది. గ్రామఫోను పాటను తీగ లేకుండా గదిలోని రేడియోకు పంపే బుల్లి యంత్రాలు అప్పుడే వస్తున్నాయి. వాటికి లైసెన్సు అక్కర్లేదు, కాని తరంగ దైర్ఘ్యంలో సుమారు ఆరో వంతు దూరంలో బలం 15 మైక్రోవోల్టులు దాటకూడదు అన్నారు. మీడియం వేవ్ మధ్యలో లెక్కకడితే ఆ దూరం సుమారు 48 మీటర్లు. అంటే నీ ఇంట్లో నీ ఇష్టం, పక్క వీధికి వినపడకూడదు. ఈ తర్కమే నలభై ఏళ్ళ తరువాత కంప్యూటర్లకు పనికివచ్చింది.

1975లో ఆల్టెయిర్ అనే కంప్యూటరు విడిభాగాల పెట్టెగా అమ్మకానికి వచ్చింది. దానికి స్పీకరు లేదు, తెర లేదు, దీపాలూ స్విచ్చులూ తప్ప. స్టీవ్ డాంపియర్ అనే ఔత్సాహికుడు తన ఆల్టెయిర్ పక్కనే పెట్టిన రేడియోలో కంప్యూటరు పనిని బట్టి రకరకాల ధ్వనులు రావటం గమనించాడు. ఏ పని చేయిస్తే ఏ స్వరం వస్తుందో పట్టిక వేసుకున్నాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో కంప్యూటరు అభిరుచిపరుల సమావేశంలో, యంత్రం పక్కన మామూలు రేడియో పెట్టి, దాని గరగరతోనే పాట వాయించాడు. సభ చప్పట్లు కొట్టింది. మూడిళ్ళ అవతల అదే స్టేషనులో వార్తలు వినబోయే ముసలాయన చప్పట్లు కొడతాడా అన్నదే ప్రశ్న.

కంప్యూటరు గుండె చప్పుడు అనదగిన గడియారపు స్పందనలు సెకనుకు లక్షలు, కోట్లు. ఒక్కొక్కటీ నిట్టనిలువుగా లేచి నిట్టనిలువుగా పడుతుంది. అలా పదునుగా లేచే ప్రతిదీ తన రెట్టింపు, మూడింతలు, పదింతలు పౌనఃపున్యాలను కూడా వెంట తెస్తుంది. ఆ పెట్టెకు తగిలించిన తీగలు వాటికి ఏరియల్‌గా పనిచేస్తాయి. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు, అంటే ఒక కీబోర్డు తీగలో ఇమిడిపోయే పొడవు. ఇంతకంటే మంచి ఏరియల్ కావాలని అడిగి చేయించుకున్నా దొరకదు.

టాండీ కంపెనీ 1977లో తెచ్చిన టి.ఆర్.ఎస్.-80 కంప్యూటరు ఈ విషయంలో పేరు మోసింది. అది నడుస్తుంటే దగ్గరి రేడియోలు, టీవీలు చెడేవి. చివరకు ఆటల ప్రోగ్రాములు రాసేవారు దాన్నే వాడుకుని, ధ్వనుల కోసం కంప్యూటరు పక్కన రేడియో పెట్టుకోమని సలహా ఇచ్చారు. ఫిర్యాదులు పెరిగాయి. 1979లో ఎఫ్.సి.సి. కంప్యూటర్ల వంటి పరికరాలకు నియమాలు ప్రకటించింది. కార్యాలయాల్లో, కార్ఖానాల్లో వాడేవి ఒక తరగతి, ఇళ్ళలో వాడేవి మరో తరగతి. ఇంటి తరగతి మీద ఆంక్ష ఎక్కువ, ఎందుకంటే పక్కింటి టీవీకి మధ్య ఉండేది ఒక్క గోడే. 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ వరకు 3 మీటర్ల దూరంలో 100 మైక్రోవోల్టులు మించరాదు. ఆ పైన 216 వరకు 150. ఇంకా పైన 200. టాండీ పాత నమూనాను ఈ హద్దులోకి తేలేక 1981 జనవరిలో అమెరికాలో దాన్ని మానుకుంది. ఒక కంప్యూటరు మంచి గిరాకీలో ఉండగానే, అది చేసే చప్పుడు వల్ల దుకాణం నుంచి తప్పుకోవటం విశేషమే.

మిగిలిన కంపెనీలూ తిప్పలు పడ్డాయి. అటారీ తన యంత్రం లోపల దళసరి అల్యూమినియం పోత కవచం బిగించింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన 1979 నాటి ఇంటి కంప్యూటరును టీవీకి తగిలించే పెట్టె పరీక్ష నెగ్గకపోవటంతో ప్రత్యేకమైన తెరతో కలిపి అమ్మవలసి వచ్చి, ధర పెరిగింది. ఆపిల్ వారు టీవీకి తగిలించే ముక్కను తాము అమ్మకుండా, వేరొక చిన్న కంపెనీ విడిగా అమ్మేటట్టు చూసుకున్నారు. నియమం ఉన్నచోట సందు వెతకటం ఏ దేశపు వ్యాపారికైనా సహజం.

కొలిచే పద్ధతి కూడా తెలుసుకోదగినదే. పరికరాన్ని 80 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్క బల్ల మీద పెడతారు. ఆ బల్ల గుండ్రంగా తిరుగుతుంది. ఎదురుగా 3 మీటర్లో 10 మీటర్లో దూరాన ఏరియల్, దాన్ని 1 నుంచి 4 మీటర్ల ఎత్తు వరకు జరుపుతారు, అడ్డంగానూ నిలువుగానూ పెట్టి చూస్తారు. ఎటు తిరిగితే, ఎంత ఎత్తులో చూస్తే చప్పుడు అత్యధికమో అదే లెక్కలోకి వస్తుంది. మన దేశంలో ఇలాంటి పరీక్షలకు చెన్నైలో సమీర్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు ప్రయోగశాల ఉంది.

యూరపులో సిస్పర్ 1985లో సమాచార యంత్రాలకు ఇరవై రెండో నంబరు ప్రమాణం వెలువరించింది. ఇంటి తరగతికి 10 మీటర్ల దూరంలో, 230 మెగాహెర్ట్జ్ వరకు, సుమారు 32 మైక్రోవోల్టులు. దూరం మూడింతలైతే బలం మూడో వంతు అవుతుంది కనుక అమెరికా అంకెకూ దీనికీ పెద్ద తేడా లేదు. 1989లో యూరోపియన్ సమాజం దీన్ని చట్టంగా మార్చే ఆదేశం చేసింది; 1996 జనవరి 1 నుంచి ఆ ముద్ర లేని సరుకు అక్కడ అమ్మటానికి వీల్లేకపోయింది. ఆ ప్రమాణం స్థానంలో 2012లో ముప్పై రెండో నంబరుది వచ్చింది.

ఈ హద్దులు గరగర అసలు లేకుండా చేస్తాయని అనుకోకూడదు. 3 మీటర్లలో 100 మైక్రోవోల్టులు అనుమతి. నగరంలో 3000 మైక్రోవోల్టులతో వచ్చే స్టేషనుకు అది దోమకాటు. సరిహద్దు ఊళ్ళో 100 మైక్రోవోల్టులతో వచ్చే ఎఫ్.ఎం. స్టేషనుకు అది సరిసమాన ప్రత్యర్థి. ఇద్దరూ చట్టబద్ధులే! పైగా సిస్పర్‌లో ఎనభై-ఎనభై సూత్రం ఒకటుంది. రాశిగా తయారయ్యే సరుకులో కనీసం 80 శాతం హద్దులో ఉన్నాయని 80 శాతం నమ్మకంతో చెప్పగలిగితే చాలు. మిగతా అయిదో వంతు ఎవరి పక్కింటికి చేరుతుందో వారి ప్రాప్తం.

మీడియం వేవ్ శ్రోత గుర్తించవలసిన మరో మాట ఉంది. కంప్యూటర్ల వంటివాటికి గాలిలో వెదజల్లే చప్పుడు మీద పైన చెప్పిన అంకెలన్నీ 30 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి. మన 837, 927 కిలోహెర్ట్జ్‌లు దానికి ఎంతో కింద. కారణం న్యాయమైనదే. 837 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. జానెడు పెట్టె దానికి ఏరియల్ కాలేదు. కాని ఆ పెట్టె కరెంటు తీగను పట్టుకుని వేలాడుతోంది. ఆ తీగ గోడల్లోంచి మీటరు దాకా, మీటరు నుంచి స్తంభం దాకా, అక్కడి నుంచి వీధి చివరి దాకా పోతుంది. అదే ఏరియల్. అందుకని మీడియం వేవ్‌కు రక్షణగా, పరికరం నుంచి కరెంటు తీగలోకి ఎక్కే చప్పుడు మీద వేరే హద్దు పెట్టారు. ఇంటి తరగతికి ఈ ప్రాంతంలో అది సుమారు 630 మైక్రోవోల్టులు. కరెంటు పోతే రేడియో ఎందుకు తేటపడుతుందో ఇప్పుడు తెలిసింది కదా. ఒక్క మన ఇంటి స్విచ్చి కట్టేస్తే అంత మార్పు రాదు. లైను మొత్తం పోతేనే ఏరియల్ మొత్తం మూగబోతుంది.

వాహనాల కథ మరొకటి. ఇంజను ప్లగ్గు రవ్వల మీద బ్రిటన్ 1952లోనే నియమం చేసింది. ప్లగ్గులో చిన్న నిరోధం పెడితే రవ్వ చప్పుడు తగ్గుతుంది. కొన్ని ప్లగ్గుల మీద అంకెల పక్కన ఉండే ‘ఆర్’ అక్షరానికి అర్థం అదే. సిస్పర్ పన్నెండో ప్రమాణం వాహనం చేసే చప్పుడు నుంచి బయటి రేడియోలను కాపాడుతుంది. అదే వాహనంలో ఉన్న రేడియోకు రక్షణ వేరే ప్రమాణంలో ఉంది. విద్యుత్ కార్లు వచ్చాక వాటి మోటారును నడిపే ఎలక్ట్రానిక్స్ సరిగ్గా మీడియం వేవ్ మీదే గోల చేయసాగింది. గోల తగ్గించటం ఖర్చు. కొన్ని కంపెనీలు అంతకంటే చవక మార్గం కనిపెట్టాయి: కారులో మీడియం వేవ్ బ్యాండే తీసేశాయి. 2023లో ఫోర్డ్ కంపెనీ తన కొత్త కార్లలో చాలావాటి నుంచి దాన్ని తీసేస్తానని చెప్పి, విమర్శలు రాగానే ఆ మే నెలలోనే వెనక్కి తగ్గింది. ప్రతి కారులో ఆ బ్యాండు ఉండాలని అమెరికా చట్టసభలో బిల్లు కూడా ప్రవేశపెట్టారు. రోగి మూలిగితే మందు వేయకుండా చెవులు మూసుకున్నట్టుంది ఆ కంపెనీల వరస.

మన దేశం సంగతి చూస్తే, సిస్పర్ బాటలోనే భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 6873 అనే వరుసలో హద్దులూ కొలతలూ ప్రచురించింది. ప్రమాణం ఉండటం వేరు, తప్పనిసరి కావటం వేరు. టెలికాం యంత్రాలకు 2019 అక్టోబరు నుంచి దశలవారీగా అమలులోకి వచ్చిన నిర్బంధ పరీక్షల్లో ఈ చప్పుడు పరీక్ష కూడా ఉంది. కాని మన గరగరకు ముఖ్య కారకులు టెలికాం యంత్రాలు కావు, బల్బులు, ఛార్జర్లు. వీటికి 2012 నాటి ఉత్తర్వు కింద నిర్బంధ నమోదు పెట్టారు. అది చూసేది షాకు కొట్టకుండా, మంట పుట్టకుండా ఉండే భద్రతను. కాబట్టి ఛార్జరు మీద ముద్ర ఉంది, ఇక రేడియో బాగానే వినబడుతుందని అనుకోవటానికి లేదు. ఆ ముద్ర చెప్పే మాట వేరు.

ఎల్.ఇ.డి. బల్బు లోపల కరెంటును సెకనుకు వేల సార్లు కోసి చిన్నది చేసే సర్క్యూటు ఉంటుంది. ఆ కోతే చప్పుడు. చప్పుడు తీగలోకి పోకుండా ముందు ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్ పెట్టాలి. చవక బల్బు చేసేవారు మొదట తీసేసేది వాటినే. తీసేసినా వెలుతురు తగ్గదు, కొన్నవారికి తెలియదు. తెలిసేది గోడ అవతల రేడియో పెట్టుకున్నవారికి.

దీన్ని ఇంట్లో పట్టుకోవటం కష్టం కాదు. బ్యాటరీల సెట్టులో సన్నగా వినబడే తెలుగు స్టేషను పెట్టి, మీటరు దగ్గరి మెయిను కట్టేయండి. గరగర తగ్గితే కొంత మన ఇంటిదే. తిరిగి మెయిను వేసి ఒక్కొక్క స్విచ్చీ వేసుకుంటూ రండి. ఏ దీపంతో చప్పుడు లేచిందో అదే. మెయిను కట్టేసినా తగ్గకపోతే మూలం వీధిలో ఉంది. అప్పుడు సెట్టును ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిప్పి చూడండి. మీడియం వేవ్ సెట్టులో పెన్సిలు లాంటి నల్లని ఫెర్రైటు కడ్డీ ఉంటుంది. దాని కొన ఎటు చూస్తే అటు నుంచి వచ్చే తరంగం చాలా వరకు అందదు. స్టేషను ఒక వైపూ, పాడు బల్బు మరో వైపూ ఉంటే, తిప్పుతుండగా ఒకచోట గరగర అణిగి మాట మిగులుతుంది. అక్కడ సెట్టును నిలిపి, కడ్డీ చివరలు చూపే రెండు వైపులా ఎవరెవరి ఇళ్ళున్నాయో గమనించండి.